ట్రాక్టరు బాడుగకు పిలిచే ముందు జాకీ సంగతి అడగండి

వాన పడి పదును చిక్కిందంటే మన పల్లెల్లో ట్రాక్టరు దొరకడం గగనం. దొరికిన రోజున రైతు అడిగేది రెండే మాటలు. గంటకు ఎంత? ఎప్పుడొస్తావు? మూడో మాట ఒకటి అడగవలసి ఉంది. దాన్ని అడిగే అలవాటు మనకు లేదు. ‘బండిలో జాకీ ఉందా? దాని కింద, ఇరుసు కింద పెట్టేందుకు మొద్దులున్నాయా?’ అన్నదే ఆ మాట.

ఇదేమంత పెద్ద విషయమని రైతు సోదరులు అనుకోవచ్చు. ట్రాక్టరు వాళ్లది, టైరు వాళ్లది, పంచరైతే వాళ్లే చూసుకుంటారు, మనకెందుకు అనిపిస్తుంది. చేలో జరిగేది వేరు. డ్రైవరు ఒక్కడే వచ్చి ఉంటాడు. చేను మనది, తొందర మనది. చక్రానికి అడ్డురాయి పెట్టేది, గడ్డపార వేసి ఎత్తేది, ట్రాలీ కింద దూరి రాయి సర్దేది చేనుగల రైతే. లేదంటే బడి సెలవని చేనికొచ్చిన ఆయన కొడుకు. రెండు మూడెకరాల రైతుకు ట్రాక్టరు సొంతం కాకపోవచ్చు గానీ, దాని కింద చేయి పెట్టే పని మాత్రం ఆయనకు తప్పడం లేదు.

మన అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. అందులోనూ విత్తనానికి అక్కరకొచ్చే వాన ఒకటో రెండో. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ మూడు రోజుల్లోనే ఊరందరికీ ట్రాక్టరు కావాలి. అట్లాంటప్పుడు గట్టుమీది సర్కారు తుమ్మ ముల్లు ముందు టైరులో దిగిందనుకోండి. పంచరు కొట్టుకు పోయి రావాలంటే గంటన్నర. పక్క చేను ఆసామి అప్పటికే వచ్చి నిలబడి ఉంటాడు. ‘రెండు నిమిషాల పని మామా, ఏం కాదులే’ అంటాడు డ్రైవరు. జిల్లాలో ట్రాక్టర్ల దగ్గర జరిగే నానా అనర్థాలకు మూలం ఈ రెండు నిమిషాల మాటే అని నా అభిప్రాయం.

ఎత్తేది వేరు, మోసేది వేరు

జాకీ అన్నది బరువును పైకి లేపే సాధనం. లేపిన బరువును మోస్తూ నిలబడడం దాని పని కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. నూనె జాకీలో బరువును ఆపుతున్నది లోపలున్న ఒక చిన్న రబ్బరు వాషరు, ఒక చిన్న వాల్వు. ఆ వాషరు చిరిగినా, వాల్వు కింద ఇసుక రేణువు పడినా జాకీ దిగిపోతుంది. ఒక్కోసారి మెల్లగా దిగుతుంది, ఒక్కోసారి ధబ్బున దిగుతుంది. ఏది ఎప్పుడన్నది పైనుంచి చూస్తే తెలియదు.

కాబట్టి చక్రం నేల విడిచిన వెంటనే, నట్లు ఇప్పకముందే, ఇరుసు కింద మొద్దు పెట్టాలి. పెట్టి జాకీని కాస్త దించి, బరువు మొద్దు మీదకు వచ్చిందని చూసుకోవాలి. అప్పుడు జాకీ ఉన్నా ఊడినా బండి కదలదు. మొద్దు పెట్టేటప్పుడు కూడా చేయి ఇరుసు కింద పెట్టకుండా, పక్కనుంచి కర్రతో తోయాలి. తల గానీ, భుజం గానీ, కాలు గానీ బండి కిందికి పోవలసిన అవసరం చక్రం మార్చడంలో ఎక్కడా లేదు. పోతోందంటే పని తప్పుగా జరుగుతున్నట్టు లెక్క.

మన పెద్దలు ఎద్దులబండికి కందెన వేసేటప్పుడు ఏం చేసేవాళ్లో వయసు మళ్లిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ముందు మూటలు దించేవాళ్లు. ఖాళీ బండిని ఒక పక్క లేపి, ఇరుసు కింద ఊతకర్ర నిలిపి, ఆ తరువాతే చీల తీసేవాళ్లు. బండి బరువెంత? ఇద్దరు మనుషులు భుజం పెడితే లేచేది. దానికే అంత జాగ్రత్త! ఇప్పుడు ట్రాలీలో 80 మూటలు వేసుకొని, ఒక్క మూటైనా దించకుండా జాకీ పెడుతున్నాం. మూట 40 కిలోలనుకున్నా 3,200 కిలోలు. ట్రాలీ బరువు టన్నుకు పైనే ఉంటుంది. ముందు కొండి మీద పడే భాగం తీసేసినా, ఒక్కో చక్రం కింద సుమారు 2 టన్నులు ఉన్నట్టు. నలుగురు మనుషులు పంచరైన పక్క మూటలు దించితే అరగంట పని. ఆ అరగంట పెట్టడం నష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నింపిన ట్రాలీని ట్రాక్టరు నుంచి విప్పదీసి జాకీ వేయడం ఇంకో పొరపాటు. వెనక బరువు ఎక్కువుంటే కొండి పిన్ను తీయగానే ముందుభాగం గాలిలోకి లేస్తుంది. ట్రాక్టరును ట్రాలీకి తగిలించే ఉంచి, ఇంజను ఆపి, గేరులో పెట్టి, బ్రేకు బిగించి, బాగున్న చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. గుర్తుంచుకోండి, మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు లేదు. వాలులో ఉంటే ముందు చదునుకు తీసుకుపోవలసిందే. టైరు పాడైపోతుందని ఓనరు బాధపడతాడు. పడనివ్వండి.

రాళ్లు ఎందుకు పేరుస్తున్నాం?

‘రాళ్లు పెట్టొద్దు’ అని చెప్పడం సులువు. రైతు రాయి ఎందుకు పెడుతున్నాడో ఆలోచించాలి. గాలి దిగిన ట్రాలీ ఇరుసు కింద జాగా సుమారు అడుగు ఉంటుంది. సీసా ఆకారంలో ఉండే నూనె జాకీ ముడిచి ఉన్నప్పుడు 8, 9 అంగుళాలు. సులువుగానే దూరుతుంది. అయితే అది లేచేది ఐదారు అంగుళాలే. నడిమి మరను విప్పితే ఇంకో రెండు మూడు. ఇంతలో ఎర్రమట్టి పదును మీద ఉంటే జాకీ మూడు నాలుగంగుళాలు నేలలోకి దిగిపోతుంది. లేచిందంతా పాతుకుపోవడానికే సరి. చక్రం మాత్రం నేల విడవదు. అప్పుడు జాకీ దించి కింద ఒక రాయి, చాలకపోతే ఇంకో రాయి, పైన ఒక ఇటుక. ఇట్లా లేస్తున్నది గోపురం.

రాయి గట్టిదే, కాదనను. కానీ రాయికి వంగే గుణం లేదు. తాడిపత్రి నాపబండ ఇంటి అరుగుకు ఎంత బాగున్నా, నడిమధ్యలో జాకీ మొన ఆనితే టప్పున రెండు ముక్కలవుతుంది. చెక్క విరిగే ముందు కిర్రుమంటుంది, చీలిక కనపడుతుంది, మనిషి పక్కకు తప్పుకునే సమయం ఇస్తుంది. ఇటుకా బండా ఆ పాటి వ్యవధి కూడా ఇవ్వవు. గుండ్రాళ్లయితే ఒకదాని మీద ఒకటి జారతాయి. సిమెంటు ఇటుకల మాట చెప్పనే అక్కరలేదు.

దీనికి మందు జాకీ కింద వెడల్పైన చెక్క. లెక్క చూడండి. జాకీ అడుగుభాగం 12 సెంటీమీటర్లు చదరం ఉందనుకుంటే 144 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 2 టన్నులు పడితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 14 కిలోలు. అదే జాకీ కింద 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల పొడవున్న మందపాటి చెక్క వేస్తే, ఒకటిన్నర కిలోకు తగ్గుతుంది. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే పడే ఒత్తిడి అరకిలో లోపే. తడినేలలో మన కాలే దిగబడుతున్నప్పుడు 14 కిలోల ఒత్తిడికి జాకీ దిగకుండా ఎట్లుంటుంది? ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడిలోనైతే ఈ చెక్క కూడా చాలదు, అడ్డదిడ్డంగా రెండు వరుసలు వేయాలి. పెన్న, చిత్రావతి ఇసుకలో దిగినప్పుడూ అంతే.

చెక్క కనీసం 3 అంగుళాల మందం ఉండాలి. పలుచటి పలక వంగిపోయి, మధ్యలో మాత్రమే బరువు మోస్తుంది. పాత రైలు స్లీపరు చెక్క దొరికితే సరే, లేకపోతే చింత మొద్దు, తుమ్మ మొద్దు ఏదైనా మంచిదే. ఊళ్లో కోత మిషను వాణ్ణి అడిగితే అడ్డుకోసి ఇస్తాడు. నిలువునా చీలిన మొద్దు, చెదలు తిన్న మొద్దు పనికిరాదు. ఇరుసు కింద పేర్చేటప్పుడు ఒక వరుస నిలువుగా, పై వరుస అడ్డంగా రావాలి. పొడవాటి దుంగను స్తంభంలాగా నిలబెడితే ఒక్క తోపుకే పడిపోతుంది.

ఏ జాకీ కొనాలి?

అంగట్లో మూడు నాలుగు రకాలు చూపిస్తారు. కార్లతో వచ్చే కత్తెర జాకీని ఈ లెక్కలోంచి తీసేయండి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, మన ఊళ్లకూ వస్తున్నాయి. తారురోడ్డు మీద కారు చక్రం మార్చడానికి కత్తెర జాకీ సరిపోతుంది. దాన్ని చేలోకి తెచ్చి ట్రాలీకి పెట్టడం మేకకు ఎద్దు కాడి కట్టినట్టు.

మర జాకీ పాత సరుకు. తిప్పడానికి చేతులు నొప్పి పుడతాయి, నెమ్మది కూడా. అయినా నాకు దాని మీద గౌరవం ఉంది. నూనె లేదు, వాషరు లేదు, దుమ్ము పడితే తుడిచి గ్రీజు పూస్తే చాలు. మంచి మర జాకీ దానంతట అది దిగదు. ఏడాదికి నాలుగుసార్లు వాడే రైతుకు ఇది చాలు.

నూనె జాకీ సులువు. చిన్న పిల్లోడు కొట్టినా లేస్తుంది, అదే దానితో ఉన్న చిక్కు కూడా. కొనేటప్పుడు 2 టన్నులది చవకని తీసుకోకండి. పైన వేసిన లెక్క ప్రకారం నింపిన ట్రాలీ ఒక పక్కే 2 టన్నులకు వస్తోంది. 5 టన్నులకు తగ్గకుండా ఉండాలి. టన్నుల అంకె దాని ఒంటిమీద అచ్చు కొట్టి ఉందా చూడండి. వట్టి కాగితం అంటించి ఉంటే నమ్మకూడదు. అంగట్లోనే ఏదైనా బరువు కింద పెట్టి లేపమని, పది నిమిషాలు అట్లే ఉంచమని అడగండి. దిగుతోందా, చుట్టూ నూనె చెమ్మ కడుతోందా తెలుస్తుంది. అంగడివాడు విసుక్కుంటే ఇంకో అంగడి ఉంది.

ఒక మాట. నూనె తగ్గిందని కొందరు మెకానిక్కులు బ్రేకు ఆయిల్ పోస్తారు. పోయించుకోవద్దు. మామూలు బ్రేకు ఆయిల్ జాకీ లోపలి రబ్బరుకు పడదు. ఉబ్బి పాడవుతుంది. జాకీకి హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. వాడిన తరువాత పూర్తిగా ముడిచి, నిలబెట్టి దాచాలి. ట్రాలీలో దొర్లుతూ, ఎండలో మండుతూ, ఇసుకలో పొర్లుతూ ఉండే జాకీ అక్కరకు రాదు.

పొడుగు జాకీ మోజు

ఈ మధ్య జీపులున్న కుర్రవాళ్ల దగ్గర నిలువెత్తు జాకీ ఒకటి కనిపిస్తున్నది. నాలుగడుగుల ఇనుప పట్టీ, పొడుగునా రంధ్రాలు, పక్కన పొడవాటి పిడి. పిడి కిందికీ పైకీ ఆడిస్తుంటే రెండు పిన్నులు ఒకదాని తరువాత ఒకటి రంధ్రాల్లో కూర్చుంటూ, నిచ్చెన ఎక్కినట్టు పైకి పోతుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1905 నుంచి దీన్ని తయారు చేస్తున్నారు. అక్కడ దాని పేరే రైతు జాకీ. కంచె గుంజలు పెరకడానికి, తీగ లాగి బిగించడానికి, దిగబడిన బండిని లేపడానికి వాడుకున్నారు. మన దగ్గర చెక్క గుంజలకు గొలుసు వేసి పెరకవచ్చు. రాతి కూసాలకు మాత్రం వద్దు, నడిమికి విరుగుతాయి.

అడుగున్నర ఎత్తులో ఉన్న ఇరుసుకు నాలుగడుగుల జాకీ చూడగానే ‘ఇదే మనకు కావలసింది, రాళ్ల బాధ తప్పింది’ అనిపిస్తుంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. అసలు కంపెనీ జాకీకే చెప్పిన శక్తి 2 టన్నులకు కాస్త పైన. పేరూ ఊరూ లేని సరుకు సంగతి చెప్పలేం. నింపిన ట్రాలీకి అది అంచుమీద ఉన్నట్టే. పైగా ఎత్తు పెరిగే కొద్దీ అది పక్కలకు ఊగుతుంది. దాని అడుగు పలక అరచేయంత. జీపు ఒక పక్క పైకి లేస్తుంటే మొత్తం బండి రెండో పక్కకు జరుగుతూ, జాకీని వాలుస్తుంది. వాలిన పొడుగు జాకీ నుంచి బండి పడడానికి చిటికె చాలు.

దాని పిడి ఇంకో గండం. దించేటప్పుడు మీట మార్చి పిడి ఆడిస్తే, బరువంతా పిడి మీదకు వచ్చే క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడు చేయి జారిందంటే పిడి విల్లు వదిలినట్టు పైకి ఎగురుతుంది. దవడ పగులుతుంది, పళ్లు రాలుతాయి. కాబట్టి పిడికీ పట్టీకీ మధ్య తల పెట్టకూడదు. పక్కకు నిలబడి, రెండు చేతులా గట్టిగా పట్టుకొని, పిన్ను ‘టక్’మని కూర్చున్న శబ్దం విన్న తరువాతే పట్టు సడలించాలి. చెమట చేతులు, నూనె చేతులు తుడుచుకోవాలి. మీట మార్చేటప్పుడు పిడి పూర్తిగా పైకి, పట్టీకి ఆని ఉండాలి. బరువు లేకుండా దించబోతే అది మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా జారిపోతుంది. పిన్నుల దగ్గర మన ఎర్రదుమ్ము, ఎండిన గ్రీజు కలిసి ముద్దకడితే పిన్ను సగమే కూర్చుంటుంది. గ్రీజు దట్టించకుండా డీజిలుతో కడిగి, పలుచటి నూనె చుక్కలు వేయడం మేలు.

జీపుల్లోనూ పాత ఇనుప బంపరున్న వాటికే ఇది ఆనుతుంది. కొత్త వాహనాల ప్లాస్టిక్ బంపరు కింద పెడితే బంపరు ఊడి చేతికొస్తుంది. వంకలో దిగబడిన జీపును ఒక పక్క లేపి, చక్రం కింద కంప, రాళ్లు వేసి బయట పడేయడానికి దీనంత సాధనం లేదని ఒప్పుకుంటాను. చక్రం విప్పడానికి, కింద దూరి మరమ్మతు చేయడానికి ఇది పనికిరాదు. సన్నకారు రైతు సొంతానికి కొనవలసిన వస్తువు కాదని నా గట్టి అభిప్రాయం. అదే డబ్బుకు 5 టన్నుల జాకీ, ఒక చెక్క, నాలుగు మొద్దులు వస్తాయి.

ట్రాక్టరు తీరే వేరు

ట్రాక్టరు ముందు ఇరుసు ఇంజనుకు నడిమి ఒకే పిన్ను మీద ఉయ్యాలలాగా ఆడుతుంది. గతుకుల చేలో నాలుగు చక్రాలూ నేలకు ఆనాలని అట్లా చేశారు. వెనక చక్రం ఒకటి విప్పాలని జాకీ వేసినప్పుడు ఈ ఉయ్యాలే కొంప ముంచుతుంది. మనం వెనక లేపుతుంటే ఇంజను ముందు పిన్ను మీద పక్కకు ఒరుగుతుంది. అందుకే వెనక చక్రం లేపే ముందు, ముందు ఇరుసుకూ ఇంజను దిమ్మెకూ మధ్య ఉన్న సందులో రెండు పక్కలా చెక్క ఆపులు గట్టిగా కొట్టాలి. తెలిసిన మెకానిక్కు ఈ పని చేయనిదే జాకీ ముట్టుకోడు. మీ చేలో జరిగేటప్పుడూ చేయించండి. నట్లు చక్రం నేలమీద ఉన్నప్పుడే అర చుట్టు వదులు చేసుకోవాలి. లేపిన తరువాత పానా మీద ఎక్కి తొక్కితే బండి జాకీ మీదినుంచి ఊడుతుంది. వెనక టైర్లలో బరువుకని నీళ్లు నింపి ఉంటారు. కొన్ని టైర్లు 150 లీటర్లకు పైగా పడతాయి. అట్లాంటి చక్రం విప్పాక మనిషి మీదకు ఒరిగితే ఆపడం ఒక్కడి వల్ల కాదు.

రోటవేటరు బ్లేడ్లు మార్చడం మన రాతినేలల్లో తరచుగా ఉండే పని. హైడ్రాలిక్ చేతులతో పైకి లేపి, ఇంజను ఆపి, కింద పడుకొని నట్లు విప్పుతుంటారు. ఆ చేతులు కూడా ఒక రకం నూనె జాకీయే కదా! ఎవరైనా పిల్లవాడు సీటెక్కి మీట కదిపినా చాలు. కింద నాలుగు మూలలా మొద్దులు పెట్టి, రోటవేటరును వాటి మీద దించి, ఆ తరువాతే పానా పట్టాలి. మట్టి గుమ్మరించే ట్రాలీ తొట్టి పైకెత్తి కింద గ్రీజు పెట్టడమూ ఇదే కోవలోది. తొట్టికి ఇనుప ఊత పెట్టనిదే తల లోపల పెట్టకూడదు.

చెరువు పూడికమట్టి తోలేటప్పుడు ట్రాక్టరు దిగబడితే కొందరు వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి గేరు వేస్తారు. ఇది అన్నిటికన్నా చెడ్డ పని. దుంగ బురదలో ఇరుక్కొని చక్రం తిరగకపోతే, ఇంజను బలమంతా ట్రాక్టరు ముందుభాగాన్ని పైకి లేపుతుంది. రెప్పపాటులో ముందు చక్రాలు గాలిలోకి లేచి, ట్రాక్టరు వెనక్కి డ్రైవరు మీదనే తిరగబడుతుంది. ట్రాలీ విప్పి, చక్రం ముందర మట్టి తవ్వి, జాకీతో ఒక్కో పక్క లేపి, చక్రం కింద చెక్కలు వేసుకొని రావాలి. లేదా ఇంకో ట్రాక్టరుతో కింది కొండికి గొలుసు వేసి మెల్లగా లాగించాలి. ఇరుసుకన్నా పైన గొలుసు కడితే మళ్లీ తిరగబడే ప్రమాదమే.

ఎవరు కొనాలి?

బాడుగకు తోలే ట్రాక్టరు ఓనరే కొనాలి. ఇందులో మొహమాటం లేదు. గంటకు ఇంత అని తీసుకుంటున్నప్పుడు జాకీ, చెక్క, మొద్దులు ఆ బాడుగలో భాగమే. కొత్త ట్రాక్టరు ఇంటికి రాగానే రంగు కుచ్చులు కడతాం, పాటల పెట్టె పెట్టిస్తాం, బంపరు మీద దేవుడి పేరు రాయిస్తాం. తప్పనను. ఆ పాటల పెట్టెకు అయ్యే ఖర్చులో ఒక మంచి జాకీ వస్తుంది. రాయితీ మీద యంత్రాలు తీసుకొని అద్దెకిచ్చే రైతు సంఘాలు ఈ విషయంలో ముందు నడవాలి. నలుగురైదుగురి పొత్తులో ఉన్న ట్రాక్టరుకు జాకీ ఎవరిదీ కాకుండా పోతుంది, వాళ్లు చూసుకుంటారని వీళ్లు, వీళ్లు చూసుకుంటారని వాళ్లు. సంఘం పుస్తకంలో ట్రాక్టరు, రోటవేటరు, విత్తన గొర్రు పక్కన జాకీ, మొద్దులు కూడా సామాను కింద రాసి పెట్టండి.

గార్లదిన్నె దగ్గర ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి ఉంది. దక్షిణాది మొత్తానికి నెలకొల్పిన ఆ సంస్థ మన జిల్లాలో ఉండడం మన అదృష్టం. ట్రాక్టరు నడపడం, చూసుకోవడం, బాగుచేసుకోవడం అక్కడ నేర్పుతారు. మీ ఊరి డ్రైవరు కుర్రాణ్ణి ఒక విడత పంపండి. పోయినవాడు బండి లేపి మొద్దు మీద నిలిపే పద్ధతిని తన చేతులతో చేసి చూపించమని అక్కడి వాళ్లను అడగాలి. వచ్చిన తరువాత ఊళ్లో పదిమంది ముందర ఒకసారి చేయించండి. ఖాళీ ట్రాలీతో, వాన లేని రోజున.

బాడుగ మాట్లాడే రైతు చేతిలో ఇంకో బలం ఉంది. పదును రోజున మనం ట్రాక్టరు వెంట పడతాం నిజమే. మిగతా దినాల్లో ట్రాక్టర్లే మన వెంట పడతాయి. ఎండాకాలం దుక్కులకు, ఎరువు తోలడానికి, శెనక్కట్టె తోలడానికి మాట్లాడుకునే రోజుల్లోనే ‘అన్నా, నీ బండిలో జాకీ లేదు, మొద్దుల్లేవు. అవి ఉన్న బండిని పిలుచుకుంటా’ అని నలుగురు రైతులు అంటే చాలు, వానాకాలం నాటికి అవి ఉంటాయి.

మొద్దుల విషయంలో చివరగా ఒక చిన్న సంగతి. ఎండిన చింత మొద్దు ట్రాలీలో వదిలితే రెండో రోజుకు ఎవరింటి పొయ్యిలోనో తేలుతుంది. వాటికి ఎర్రరంగు పూసి, ఒక చివర రంధ్రం వేసి, గొలుసుతో ట్రాలీ అడుగున కట్టేసుకోండి.